బంగారు రేకు మీద మూడు బూడిద మచ్చలు

ఆ రేకు మీద బూడిద అంటించింది నేనే. ఈ మాట ముందే రాసేస్తే మిగతాది రాయడానికి ధైర్యం వస్తుందని రాస్తున్నాను. తప్పు నాది. ఆ తప్పును నా చేతిలో నుంచి లాక్కొని ఒక ఆడపిల్ల నెత్తిన పెట్టారు. నా కోపం దానికి. ఇది జరిగి ఏడాది దాటింది. తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. కాగితం ముందు కూర్చుంటే ఇంకా ఎక్కువైంది.

మాది తిరుత్తణి, నేతగాళ్ల వీధి. ఇంట్లో తెలుగు, వీధి దాటితే తమిళం. నేను ఐదో తరగతి వరకు తెలుగు బడిలో చదివాను. తర్వాత మగ్గం గుంటలో కాళ్లు పెట్టినవాణ్ణి ముప్పై ఏళ్లకు పైగా తీయలేదు. చేతి చీరలు కొనేవాళ్లు తగ్గిపోయాక తిరువళ్ళూరు పక్కన ఒక కాలేజీలో అటెండరు పని దొరికింది. పర్మనెంటు కాదు, కాంట్రాక్టు. భౌతికశాస్త్రం విభాగంలో బల్లలు తుడవాలి, గదులు తెరవాలి, పొగలు కక్కే చల్లటి నైట్రజన్ డబ్బాలు మోయాలి. మగ్గాన్ని మాత్రం నేను విప్పలేదు. ఇంట్లో మా అక్క దాని మీద ఇప్పటికీ నేస్తుంది.

ఆ విభాగంలో ఒక పిల్ల పరిశోధన చేసేది. కే.జీ.కండిగైలో వ్యవసాయం చేసుకునే తెలుగు వాళ్ల అమ్మాయి. నేను ఊడ్చడానికి వెళ్లినప్పుడల్లా ఒకే పని చేస్తూ కనిపించేది. అరచేతిలో పట్టే లోహపు వలయం మీద పల్చటి బంగారు రేకును పరిచి, చుట్టూ మరలు తిప్పుతూ లాగేది. ఆ రేకు ఎంత పల్చగా ఉంటుందంటే ఊపిరి గట్టిగా వదిలితే లేచిపోతుంది. ఆమె లాగేది, ముడత పడేది. తీసేసి మళ్లీ లాగేది.

ఒకరోజు చీపురు గోడకు ఆనించి నోరు తెరిచాను.

"పాపా, నువ్వు ఒక పక్కనే లాగతా ఉండావు. అట్ల లాగితే ఇంకో పక్క ముడత పడకుండా ఏం చేస్తాది?"

"అయితే నువ్వు లాగి చూపీ మామా," అంది ఎగతాళిగా. "మూడు నెలలాయె దీంతో. ఈ రేకు కన్నా మా ఇంటి ఆవు నయం, పిలిస్తే తిరిగైనా చూస్తాది."

గ్లవ్స్ ఇచ్చింది, వేసుకున్నాను. మగ్గం మీద పడుగు బిగించడం తెలిసినవాడికి అది కొత్త పని కాదు. ఒక వైపు గట్టిగా లాగితే ఇంకో వైపు వదులవుతుంది. అందుకని ఈ మరను పావు చుట్టు, ఎదురు మరను పావు చుట్టు, అలా చుట్టూ తిరిగి రావాలి. మధ్యమధ్యలో వేలి వెనక వైపుతో అంచును తాకి చూడాలి. బిగువు కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది. అరగంటలో ఆ రేకు అద్దంలా పరుచుకుంది. కిటికీ చువ్వలు దానిలో వంకర లేకుండా కనపడ్డాయి.

ఆ పిల్ల వేసిన కేకకు సారు పరిగెత్తుకొచ్చాడు. ఆమెకు గైడు ఆయనే. ఆయనదీ తిరువళ్ళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబమే. మైక్రోస్కోపులో చూసి నా చేయి పట్టుకున్నాడు.

"ఏమన్నా, ఇన్నాళ్లు ఈ చెయ్యి యాడ దాచిపెట్టినావు? చీపురు పట్టుకునే చెయ్యా ఇది?"

గుంపులో ఆయన తమిళం, ఇంగ్లీషు మాట్లాడేవాడు. మేము ముగ్గురమే ఉంటే తెలుగు. అది నాకు చాలా గొప్పగా ఉండేది. మన మనిషి అనుకున్నాను.

ఆ రోజు నుంచి రేకులన్నీ నేనే లాగాను. ఒక ఏడాది పైనే. ఆ పిల్ల ఇంకొకసారి లాగలేదు, లాగే అవసరం రానివ్వలేదు నేను. రిపోర్టులో మాత్రం రేకులు విద్యార్థి తయారుచేసిందని రాశారట. ఆ సంగతి ఆమే నాతో చెప్పింది, తల వంచుకొని.

"నీ సంగతి రాస్తామని అడిగినా మామా. అటెండరు లాగినాడంటే ఎవురూ నమ్మరు, పేపరు తిప్పి పంపిస్తారు అన్నాడు సారు."

"పోనీలే పాపా, నా పేరు రాస్తే రేకు ఇంకా బిగిస్తాదా ఏంది?" అన్నాను. నిజంగానే అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ రేకులు దేనికో నాకు రైల్లో తెలిసింది. సాయంత్రం ఇద్దరం ఒకే కరెంటు రైలు ఎక్కేవాళ్లం. తిరుత్తణిలో దిగి ఆమె కండిగై బస్సు ఎక్కేది. ఒకరోజు తిరువాలంగాడు స్టేషన్లో మా రైలును ఆపి ఎక్స్‌ప్రెస్‌ను ముందు పంపించారు. అది పెద్దగా కూస్తూ పక్క పట్టాల మీద దూసుకుపోయింది.

"మామా, కూత విన్యావా? మన మీదికి వచ్చేటప్పుడు సన్నంగా ఉండె. దాటినాక లావైపోయె."

"ఎన్ని ఏండ్లుగా ఈ రైలు ఎక్కతా ఉండా, వినకుండా ఉంటానా? దానికేం?"

"నా పని అదే."

ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. పరమాణువు నడుమ ఒక గట్టి గుండు ఉంటుంది, కేంద్రకం అంటారు. ఆమెకు కావాల్సినవి న్యూట్రాన్లు మామూలు కన్నా ఎక్కువైన కేంద్రకాలు. ఉత్తరాదిలో పెద్ద యంత్రం ఉంది. అక్కడ వేగంగా వచ్చే పరమాణువులు మొదటి రేకును కొడతాయి. కొట్టి పోతూ పోతూ రేకులోని కేంద్రకానికి రెండు న్యూట్రాన్లు ఇచ్చిపోతాయి. పుచ్చుకున్న కేంద్రకం ఉడుకెత్తి రేకులో నుంచి బయటికి ఎగురుతుంది. ఆ ఉడుకు దిగేటప్పుడు ఒక గామా కిరణం విసురుతుంది. అదే దాని కూత. ఎదురుగా రెండో రేకు ఉంటుంది, గోడలాగా. పరుగులో ఉండగా కూస్తే కూత ఒక రకం, గోడకు గుద్దుకొని ఆగాక కూస్తే ఇంకో రకం. ఏ రకం ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి, గోడను దగ్గరికి జరిపి, దూరం జరిపి మళ్లీ లెక్కపెడితే, ఆ ఉడుకు ఎంతసేపు బతికిందో తెలుస్తుంది.

"ఎంతసేపు బతకతాది?"

"సెకండుని లక్ష కోట్ల ముక్కలు చెయ్యి మామా. అందులో కొన్ని ముక్కలు."

"అయ్యో పావం!" అన్నాను. పక్కన కూర్చున్న పూలామె కూడా నవ్వింది. "అంత తక్కువ ఆయుష్షు కనుక్కొని ఏం చేస్తావు పాపా?"

"ఆయుష్షు తెలిస్తే రూపం తెలుస్తాది. న్యూట్రాన్లు ఎక్కువైనాక ఆ గుండు గుండ్రంగానే ఉండాదా, కోడిగుడ్డు మాదిరి సాగిందా అని."

ఆ కేంద్రకం ఉడుకు దిగడానికి రెండు మెట్లున్నాయట. కింది మెట్టు కొంచెం ఎక్కువసేపు బతుకుతుంది, కొలవడం అంత కష్టం కాదు. పై మెట్టు చాలా తక్కువసేపు బతుకుతుంది. దాని ఆయుష్షు ఇంతవరకు ఎవరూ కొలవలేదు. ఆమె పట్టా దాని మీదే ఆధారపడి ఉంది. ఆ మెట్టును పట్టుకోవాలంటే రెండు రేకుల మధ్య సందు మన వెంట్రుక మందంలో పదో వంతు ఉండాలి. ఒకదానికొకటి తగలకూడదు, ఎక్కడా ఎత్తుపల్లాలు ఉండకూడదు. అందుకే అంత బిగువు. ఆ రోజు నుంచి మర తిప్పేటప్పుడల్లా పై మెట్టు, పై మెట్టు అనుకునేవాణ్ణి.

యంత్రం దగ్గర ఆమెకు వంతు వచ్చింది. మూడేళ్లు కాచుకుంటే ఐదు రోజులు ఇచ్చారు. రేకులు ఒక జత సిద్ధంగా ఉంది, మైక్రోస్కోపులో చూసి పెట్టెలో పెట్టేశాం. వచ్చి కొట్టే పరమాణువుల ధార వేడికి అది సాగిపోతే మార్చడానికి రెండో జత కావాలని సారు బయల్దేరే రోజు మధ్యాహ్నం చెప్పాడు. ముందే ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు, అటెండరును. వైశాఖం ఎండ. కరెంటు పోయి ఏసీ ఆగింది. గ్లవ్స్ లోపల చెమట కారి వేళ్లు జారుతున్నాయి. సారు వాకిట్లో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు.

"అన్నా, ఆ గ్లవ్స్ తీసి పారెయ్యి. నీ వేళ్లకి గ్లవ్స్ ఎందుకన్నా? రైలు టైమైపోతా ఉండాది."

"సార్, గ్లవ్స్ లేకుండా తాకకూడదని రూలు గదా," అంది పిల్ల.

"ఆ రూలు గోడ మీద అంటించింది ఎవురు? నేనే గదా! తీయన్నా నువ్వు."

తీశాను. తెలుగులో చెప్పాడు, మేము ముగ్గురమే ఉన్నాం. ఉత్త వేళ్లతో లాగుతుంటే రేకు మాట్లాడినట్టే ఉంది. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ లాగలేదు. ఆ గర్వం కూడా ఇక్కడ రాయాలి, ఎందుకంటే ఆ గర్వంలోనే మైక్రోస్కోపు దగ్గరికి పోకుండా నేరుగా పెట్టెలో పెట్టాం.

వాళ్లు వెళ్లిన మూడో రోజు మధ్యాహ్నం నేను కాలేజీ మెట్ల మీద అన్నం తింటుండగా ఫోను వచ్చింది.

"మామా, మొదటి జత సాగిపోయింది. రెండోది వేసినాం. తగలడం లేదు."

రెండు రేకులనూ మెల్లగా దగ్గరికి తెచ్చి ఒక్కసారి తాకిస్తారు. తాకగానే చిన్న లైటు వెలుగుతుంది. అక్కడి నుంచి సందును లెక్కపెడతారు. ఆ లైటు వెలగలేదు.

"కొంచెం తోసి చూడు పాపా."

"వెంట్రుకలో సగం మందం కాడనే ఆగిపోతా ఉండాది. ఇంకా తోస్తే రేకు ఒంగిపోతాది. మధ్యలో ఏమో ఉండాది మామా. కింది మెట్టు వచ్చింది. పై మెట్టు పోయినట్టే."

వెనక నుంచి సారు ఇంగ్లీషులో అరుస్తున్నాడు. ఫోను పెట్టేసింది. ఆ అన్నం నేను కుక్కకు వేశాను.

తిరిగొచ్చాక ఆ జతను విప్పి మైక్రోస్కోపు కింద పెట్టింది. నన్ను పిలిచి చూడమంది. బంగారు రేకు అంచు దగ్గర మూడు మచ్చలు, బూడిద రంగులో, ఒక్కో మచ్చలో కొన్ని రేణువులు. ఆమెకు అది ఏదో మట్టి. నేను మాత్రం ఆ మచ్చల వరస చూశాను. ఒక వైపు ఒక మచ్చ, దాని ఎదురుగా రెండు. ఒక బొటనవేలు, రెండు వేళ్లు. పోగును మేము అలాగే పట్టుకుంటాం. ఆ పిల్ల ఎప్పుడూ చిన్న పట్టకారుతోనే పట్టుకుంటుంది.

ఒక పడుగు అయిపోతే కొత్త పడుగు పోగులను పాత చివరలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వేలకొద్దీ పోగులు. వేళ్లు చెమర్చి జారకుండా మోకాలి పక్కన కొబ్బరి చిప్పలో బూడిద పెట్టుకుంటాం. జారినప్పుడల్లా చేయి దానంతటదే చిప్పలోకి పోయి వస్తుంది. మనసుకు చెప్పదు. కానీ కాలేజీలో చిప్ప లేదు కదా. బూడిద ఎక్కడిది?

ఇంటికి పోయి అక్కను అడిగాను. మగ్గం ఆపి నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"యాడిదా? నీ నుదుటి మీదిది! పొద్దున్నే సున్నం కొట్టినట్టు విబూది పూసుకుంటావు గదా. చిప్ప లేకపోతే నీ చెయ్యి నేరుగా ఆడికే పోతాది. సాంబారన్నం కలిపేటప్పుడు గూడా రెండుసార్లు పోతాది. నీ పెండ్లాం ఉన్నన్నాళ్లు నవ్వతానే ఉండె."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెప్తే మానుకుంటావా? నాయన గూడా అంతే."

మరునాడు సారు గదికి పోయాను. చెప్పేశాను. మచ్చలు నావి, పిల్లవి కావు అని. ఆయన తలుపు మూసి తెలుగులో, చాలా మెత్తగా మాట్లాడాడు.

"అన్నా, నువ్వు కాంట్రాక్టు మనిషివి. నీకెందుకీ తంటా? విద్యార్థి అజాగ్రత్త అని యంత్రం వాళ్లకి లెటరు రాసేసినా. చిన్నపిల్ల, ఒక మాట పడితే ఏం అరిగిపోతాది?"

"అట్ల రాస్తే ఆమెకి మళ్లీ వంతు ఇస్తారా సార్?"

ఆయన బల్ల మీది కాగితాలు సర్దాడు.

"గ్లవ్స్ తీయమని మీరే చెప్తిరి గదా సార్."

"నేనా? ఎప్పుడు చెప్పినా?" అన్నాడు. కన్ను కూడా ఆర్పలేదు. మా నాయన ఒక చీరలో పోగు తప్పితే ఆ చీరను చేతిలో పట్టుకొని తానే వర్తకుడి దగ్గరికి పోయి చూపించేవాడు. పోగు తప్పడం నేతగాడికి సిగ్గు. తప్పిన పోగును ఇంకొకడి మగ్గం మీదిదని చెప్పడానికి నాకు మాట కూడా తెలియదు.

ఆ పిల్ల మాత్రం నన్నే తిట్టింది. "నీకు పిచ్చా మామా? నువ్వు చెప్తే నీ పని పోతాది. నాదెట్లాగూ పోయింది, నీది గూడా ఎందుకు?"

"నీది పోలేదు పాపా. పోగొట్టినారు."

ప్రతి ఏడూ విద్యార్థుల పనిని చూడటానికి కమిటీ కూర్చుంటుంది. బయటి నుంచి, చెన్నై నుంచి ఒక మేడం వచ్చింది. తెల్ల జుట్టు, కాటన్ చీర. కుర్చీలు వేసి, నీళ్లు పెట్టి, నేను బయటికి పోకుండా గోడ పక్కన నిలబడ్డాను. పిల్ల బొమ్మలు చూపించింది. కింది మెట్టు ఆయుష్షు చెప్పింది. పై మెట్టు ఎందుకు లేదని మేడం అడిగింది. సారు ఇంగ్లీషులో బదులిచ్చాడు. నాకు ఆ భాష రాదు గానీ పిల్ల మెడ వంగడం చూస్తే ఏమన్నాడో తెలిసింది.

ముందుకు పోయి తమిళంలో చెప్పాను. "అమ్మా, ఆ రేకులు లాగింది నేను. ఆ మూడు మచ్చలు నా వేళ్లవి. గ్లవ్స్ తీసి లాగినాను."

సారు నవ్వాడు. అది నన్ను కాల్చిన నవ్వు. తమిళంలో మేడంతో అన్నాడు, "మా అటెండరు. మంచివాడు. ఇద్దరూ ఒకే ఊరి పక్క, ఒకే భాష. పాప మీద అభిమానంతో చెప్తున్నాడు. గది ఊడ్చేవాడు రేకు ఎలా లాగుతాడు మేడం?"

ఒకే భాషట! నాతో తెలుగులో చెప్పిన మాటను ఇంగ్లీషులో దాచేశాడు, ఇప్పుడు ఆ తెలుగునే నాకు నేరంగా చూపిస్తున్నాడు. నేను బాగా లాగిన రేకులన్నీ ఆ పిల్ల పేరున పోయాయి, సరే అన్నాను. ఇప్పుడు చెడగొట్టిన రేకు కూడా నాది కాదంటున్నాడు. ఆ పని చేసే చేయే నాకు లేనట్టు! మంచిలో లేని చేయి తప్పులో మాత్రం ఎందుకుంటుంది?

మేడం నా చేతుల వైపు చూసింది. "పనికిరాని రేకు ఒకటి తెప్పించండి," అంది. వలయం, రేకు తెచ్చారు. "గ్లవ్స్ లేకుండా లాగండి. తొందరేం లేదు."

లాగాను. మొదట అందరూ చూస్తున్నారని తెలుస్తూనే ఉంది. తర్వాత రేకు తప్ప ఏమీ గుర్తులేదు. ఈ మర పావు చుట్టు, ఎదురు మర పావు చుట్టు. వేలి వెనకతో తాకడం. అరగంట పట్టింది. ఎవరూ లేచిపోలేదు. రేకు పరుచుకున్నాక తలెత్తాను.

మేడం తన సెల్‌ఫోను అద్దంలా పెట్టి నా ముఖం ముందు పట్టుకుంది. నా నుదుటి మీద విభూతి పట్టెల మధ్యలో బొటనవేలు తుడిచిన జాడ. నల్లటి చర్మం కనపడుతోంది.

"నాలుగుసార్లు," అంది మేడం. "మీకు తెలుసా?"

"తెలియదమ్మా," అన్నాను. నిజంగా తెలియదు. ఆ గదిలో నాకు ఏడుపు వచ్చింది, కోపం వచ్చింది.

ఆమె రేకును మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది, అంచు దగ్గర బూడిద మచ్చలు అందరికీ చూపించింది. తర్వాత సారు వైపు తిరిగింది. "ఇంత చదునైన రేకు నేను చాలా చోట్ల చూడలేదు. దీన్ని లాగే మనిషి మీ రిపోర్టులో ఎక్కడున్నాడు? ఈయనకు గ్లవ్స్ తీయమని చెప్పింది ఎవరు?"

సారు నీళ్లు తాగాడు. నేనే పెట్టిన నీళ్లు.

"సారే చెప్పినారు మేడం," అంది పిల్ల. గట్టిగానే అంది.

మేడం యంత్రం వాళ్లకు వేరే లెటరు రాసింది. తప్పు విద్యార్థిది కాదు, ఇంకో అవకాశం ఇవ్వండి అని. మూడు రోజులు ఇచ్చారు. నన్ను మాత్రం రేకుల గదిలోకి రానివ్వకూడదని సారు ఆర్డరు వేశాడు. శుభ్రత కోసమట. సైకిల్ స్టాండుకు మార్చాడు. పని తీసేయలేదు, తీసేస్తే మేడం అడుగుతుందని.

ఇక రేకులు ఎవరు లాగాలి? ఆ పిల్లే. అంతకుముందు ఆమెకు రాలేదు, నేను నేర్పలేదు. అది కూడా నా తప్పే. ఆదివారాలు కండిగై నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చేది. అక్క ఆమెను మగ్గం గుంటలో కూర్చోబెట్టింది, చేతులకు గ్లవ్స్ వేయించి.

"మేయ్ పిల్లా, కండ్లు మూసుకో. ఈ పోగు వదులా, బిగువా?"

"బిగువు అత్తా."

"బిగువా? నీ తల! బిడ్డ ఊగే ఉయ్యాల మాదిరి ఉండాది. మళ్లీ పట్టు."

"గ్లవ్స్‌లో తెలీడం లేదత్తా."

"తెలిసేదాకా పట్టు. వీడి మాదిరి నుదురు గోక్కోవద్దు."

నేను గడప మీద కూర్చొని తిట్లు వింటూ ఉండేవాణ్ణి. నాలుగు నెలలు పట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం కళ్లు మూసుకొనే "అత్తా, ఎడమ పక్క ఏడో పోగు వదులుగా ఉండాది," అంది. అక్క వంగి చూసి ఏమీ అనకుండా కాఫీ కలపడానికి లేచింది. మా అక్క ఏమీ అనకపోవడమంటే ఏమిటో మా వీధికంతా తెలుసు.

మార్గశిరంలో ఆమె రేకులు తానే లాగి, తానే మైక్రోస్కోపులో చూసి, పెట్టెలో పెట్టుకొని రైలెక్కింది. రెండో రోజు పొద్దున నేను స్టాండులో బండ్లు సర్దుతుండగా ఫోను.

"తగిలింది మామా! లైటు వెలిగింది!"

"గ్లవ్స్ తీయలేదు కదా?"

"తీస్తే అత్త చంపదా!"

రెండు వారాల తర్వాత లెక్కలయ్యాక చెప్పింది. పై మెట్టు రెండు ముక్కల కన్నా కొంచెం తక్కువసేపు బతుకుతుందట. ఆ కేంద్రకం గుండ్రంగా లేదట, సాగి ఉందట. నేను మళ్లీ అడిగాను, మళ్లీ చెప్పింది. బండ్ల టోకెన్ల పుస్తకం వెనక రాసుకున్నాను.

ఇంతటితో కోపం పోవాలి కదా. పోలేదు. మొన్న సారు కారు నిలిపి నా దగ్గరికి వచ్చాడు. చుట్టూ ఎవరూ లేరు. భుజం మీద చేయి వేసి తెలుగులో అన్నాడు, "ఏమన్నా, మన పాప సాధించింది చూసినావా? రేకు లాగే టెక్నిక్ ఇప్పుడు మన డిపార్టుమెంటుది అని అందురూ చెప్పుకుంటా ఉండారు."

ఈ కాలేజీలో చేరిన ఆరేళ్లుగా ఆయనతో తెలుగులో తప్ప మాట్లాడలేదు నేను. భుజం మీద చేతిని తీసి పక్కన పెట్టాను.

"తెరియుం సార్. టోకెన్ వాంగిక్కోంగ," తెలుసు, టోకెన్ తీసుకోండి అని తమిళంలో చెప్పి, ఎవరికైనా ఇచ్చినట్టే ఆయన చేతికి టోకెన్ ఇచ్చాను.